మొక్కు కాని గుండు

మొన్న గుడిలో ప్రసాదం వరసలో నిలబడి ఉంటే నా ముందు ఒక పడుచు జంట, ఆ అబ్బాయి భుజం మీద రెండేళ్ల బాబు. అప్పుడే గుండు చేయించినట్టున్నారు, తలంతా గంధం పూశారు. ఆరీ ఆరని గంధం, కర్పూరం, పిల్లాడి చెమట కలిసిన వాసన నా దాకా వచ్చింది. వెనకనున్న పెద్దావిడ ఆ గుండు మీద చెయ్యి వేసి, "ఏ దేవుడి మొక్కమ్మా?" అని అడిగింది. ఆ తల్లి ఏదో చెప్పింది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను మాత్రం ఆ బాబు కనుబొమల వంక చూశాను. ఉన్నాయి. నల్లగా, ఒత్తుగా ఉన్నాయి. అప్పుడు గాని నాకు ఊపిరి తిరగలేదు.

ఇది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. గుండుతో పిల్లలెవరు కనిపించినా ముందు కనుబొమలు వెతుక్కుంటాను. మొక్కు తీర్చుకున్న పిల్లలకి కనుబొమలుంటాయి. మా తమ్ముడికి లేవు.

మేమప్పుడు కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో అపార్ట్‌మెంట్లో పై అంతస్తులో ఉండేవాళ్లం. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ లెక్కల్లో డిగ్రీ చేసి, ఇక్కడ పని చేసే వీసా లేక ఇంట్లోనే ఉండేది. నాకు పదేళ్లు, తమ్ముడికి ఐదు. ఆ ఏడు చలి తగ్గే రోజుల్లో వాడికి ఎప్పుడూ జ్వరమే. కాళ్లు నొప్పులని ఏడ్చేవాడు. మెట్లెక్కలేక నాన్న చంక దిగేవాడు కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నాన్న నన్ను బాల్కనీలో కూర్చోబెట్టి, తమ్ముడి రక్తంలో క్యాన్సర్ ఉందని చెప్పాడు. చెప్పి, బట్టలు ఆరేసిన తాడు వంక చూస్తూ కూర్చున్నాడు. లోపల అమ్మ పొయ్యి మీద మర్చిపోయిన పప్పు అడుగంటుతున్న వాసన. ఎవరూ లేవలేదు.

ఆ మందులు తమ్ముడి ఒంట్లో ఉన్న చెడ్డదాన్నీ మంచిదాన్నీ కలిపి చంపేస్తాయట. అందుకని మామూలు జలుబు కూడా వాడికి ప్రాణం మీదికి రావచ్చన్నారు. బడి వద్దు, గుడి వద్దు, దుకాణాలు వద్దు, పుట్టినరోజు విందులు అసలే వద్దు. నేను బడి నుంచి ఏ రొంప మోసుకొస్తానోనని నన్నూ మాన్పించారు. ఆ రోజు నుంచి కాలేజీకి వెళ్లేదాకా నాకు అమ్మే టీచరు. జనం లేని చోట బయటి గాలి మంచిదేనని డాక్టరు అనడంతో, అమ్మ వెతికి వెతికి పక్క పట్నంలో ఉన్న జపనీస్ తోటని పట్టుకుంది. వారం మధ్యలో పొద్దున పూట అక్కడ నరమానవుడు ఉండడు. టికెట్ లేదు.

మొదటిసారి వెళ్లేసరికి చెర్రీ పూత మొదలైంది. వెదురు తడికల మధ్య చెక్క గేటు, లోపల చిన్న చెరువు, దాని మీద ఎర్రటి వంతెన, అటువైపు తెల్ల కంకర పరిచి గీతలు గీసిన గచ్చు లాంటి చోటు. పక్కన పెద్ద రోడ్డు ఉన్నా, గేటు దాటితే నీళ్ల చప్పుడే వినిపించేది. తడిసిన దేవదారు చెక్క వాసన, నాచు వాసన, వాటి మీద అమ్మ గంటకోసారి మా చేతులకి పూసే మందు ఘాటు. ఆ మూడూ కలిసిన వాసన ఇప్పటికీ నాకు బడి వాసన. చెరువు పక్క బల్ల మీద కూర్చోబెట్టి అమ్మ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. తెలుగు చదివించేది, ఇంగ్లీషు రాయించేది. తమ్ముడు ఆ బల్ల కిందే పడుకుని చేపలకి పేర్లు పెట్టేవాడు. నారింజ రంగుది జిలేబీ. తెల్లదాని నెత్తిన ఎర్రమచ్చ ఉంటే అది ఇడ్లీ కారప్పొడి. ఒక నల్లది ఎవర్నీ తిననిచ్చేది కాదు. దానికి నా పేరు పెట్టాడు.

"అక్కా, నువ్వు చూడు, నువ్వు జిలేబీని పుష్ చేస్తున్నావు."

"నేను కాదురా, చేప."

"సేమ్."

చేపలకి ఏమీ వేయకూడదని బోర్డు ఉండేది. అమ్మ అటు తిరిగినప్పుడు వాడు జేబులోంచి మరమరాలు తీసి ఒక్కొక్కటే జారవిడిచేవాడు. తోటలో ఒక ముసలావిడ ఉండేది. జపాన్ మూలాలున్న మనిషి, గడ్డం కింద ముడేసిన టోపీ, మోకాళ్ల కింద మెత్త పెట్టుకుని నాచులోంచి కలుపు ఏరుతూ ఉండేది. ఒకరోజు ఆమె మరమరాలు చూసి వచ్చి, బోర్డు మీద వేలితో టకటకా కొట్టి, మాటలేం లేకుండా వెళ్లిపోయింది. తమ్ముడు ఆమెకి పోలీసమ్మ అని పేరు పెట్టాడు. ఆమె భోజనానికి వెళ్లినప్పుడు తెల్ల కంకర మీద పరుగెత్తి, గీతలన్నీ చెరిపి, తన కాలి గుర్తులు చూసి మురిసిపోయేవాడు. మళ్లీ వెళ్లేసరికి గీతలు కొత్తగా ఉండేవి. అంత సరదా మా ఇంట్లో ఇంకెక్కడా మిగల్లేదు.

పూత రాలిపోయే రోజుల్లోనే వాడి జుట్టూ రాలిపోయింది. దిండు మీద, అమ్మ భుజం మీద, ఇడ్లీ పళ్లెంలో. చివరికి నాన్న మిషన్ పెట్టి తీసేశాడు.

ఆ సాయంత్రం కారు దగ్గర, కింది ఇంట్లో ఉండే ఆంటీ వాణ్ణి చూసింది. ఆవిడది తెలంగాణ పల్లె. వాళ్లాయన కూడా సాఫ్ట్‌వేరే. మనిషి గలగలా మాట్లాడేది, సర్వపిండి చేస్తే పళ్లెం కాలుతుండగానే మెట్లెక్కి తెచ్చిచ్చేది. తమ్ముడి గుండు చూసి ముఖమంతా నవ్వు చేసుకుని, "ఎంత ముద్దుగున్నడు! మొక్కు తీరిందా అక్కా?" అంది.

అమ్మ కారు తలుపు వేసి, "ఆఁ" అంది.

అంతే. అబద్ధం ఆడాలని మా అమ్మ ఇంట్లోంచి బయల్దేరలేదు. ఎదుటి మనిషే అందిస్తే పుచ్చుకుంది. కాని మర్నాడు నాన్న కూడా గుండు చేయించుకుని వచ్చాడు. "వాడొక్కడికే అయితే ఎవరైనా అడుగుతారు. తండ్రీ కొడుకులిద్దరికీ అంటే మొక్కే అనుకుంటారు" అన్నాడు. జబ్బు సంగతి బయటికి పొక్కకూడదని వాళ్లిద్దరూ అప్పటికే అనుకున్నారు. జాలి మాటలు వినలేమని అమ్మ. గ్రీన్‌కార్డ్ మధ్యలో ఉంది, ఆఫీసులో తెలిస్తే ఏమవుతుందోనని నాన్న. నలుగురి నోళ్లలో పడితే పిల్లాడికి దిష్టని ఇద్దరూను. ఇండియాలో అమ్మమ్మకి కూడా రక్తం తక్కువగా ఉందనే చెప్పారు. ఫోన్‌లో ఆవిడ దానిమ్మకాయలు పెట్టమని, బీట్‌రూట్ పెట్టమని చెబుతుంటే అమ్మ అలాగేనని వింటూ, కొంగు నోట్లో కుక్కుకునేది.

కనుబొమలు కూడా పోయాక మొక్కు మాట నిలబడేది కాదు. అందుకని బయటికి వెళ్లే ముందు అమ్మ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని కాటుకతో రెండు కనుబొమలు దిద్దేది. రోజూ ఒకేలా వచ్చేవి కావు. ఒక్కోరోజు వాడు ఆశ్చర్యపోయినట్టు ఉండేవాడు, ఒక్కోరోజు కోపంగా ఉండేవాడు.

"ఇవాళ నేను ఏంటి?" అని అడిగేవాడు నన్ను.

"ఇవాళ విలన్‌వి."

"గుడ్."

నేనొకసారి అమ్మని అడిగాను, మొక్కని మొక్కు చెబితే దేవుడికి కోపం రాదా అని. అమ్మ కాటుక డబ్బీ మూత బిగించి, "నీ పుస్తకాలు సర్దుకో" అంది. 

ఎండాకాలం తోటలో కలువలు పూశాయి. నీళ్లు ఆకుపచ్చగా చిక్కబడ్డాయి. కొన్ని వారాలు ఆసుపత్రిలోనే గడిచాయి. వచ్చిన రోజున వాడు గేటు దగ్గర్నుంచి వంతెన దాకా నడవగలిగితే చాలని అమ్మ దండం పెట్టుకునేది. నడిచేవాడు. ఇంటికి బయల్దేరే ముందు ఆవేళ దేనికి సంతోషమో చెప్పి గేటు దగ్గర నమస్కారం పెట్టించేది మాతో. తమ్ముడు జిలేబీకి, వెచ్చగా ఉన్న ఇడ్లీకి, సూది లేని రోజుకి పెట్టేవాడు. ఆసుపత్రి మంచం పక్కనా అమ్మ అది మాన్పించలేదు. కొన్ని రోజులు చెప్పడానికేమీ దొరికేది కాదు. అలాంటప్పుడు అమ్మే, "ఇవాళ ముగ్గురం ఉన్నాం కదా" అనేది.

కింది ఇంటి ఆంటీని అమ్మ తప్పించుకు తిరగడం మొదలుపెట్టింది. తలుపు కొడితే మమ్మల్ని చప్పుడు చేయొద్దని సైగ చేసేది. బయటి తిండి వాడికి పెట్టకూడదు, వద్దంటే ఎందుకో చెప్పాలి. నేను తలుపు కన్నంలోంచి చూస్తే ఆంటీ పళ్లెం పట్టుకుని నిలబడి, కొంచెంసేపు చూసి, మెట్లు దిగిపోతూ కనిపించేది.

మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి. వాన రాలేదుగాని గాలిలో చలి వచ్చింది. అలాంటి ఒక పొద్దున మేం బల్ల దగ్గర భిన్నాలు చేసుకుంటుంటే చెక్క గేటు చప్పుడైంది. ఆంటీ. ఒక చేతిలో స్టీలు డబ్బా, ఇంకో చేత్తో వాళ్లబ్బాయి. తమ్ముడికంటే ఏడాది పెద్ద. అప్పటిదాకా ఇండియాలో తాతగారింట్లో ఉండి, ఆ వేసవిలోనే వచ్చాడు.

"ఎన్ని దినాలకు దొరికినవ్ అక్కా" అంటూ వచ్చేసింది. "ఇంటికొస్తే తలుపు తియ్యవ్, ఫోన్ జేస్తే ఎత్తవ్. నేనేమన్న తప్పు జేసిన్నా? అన్న కారు కాడ కలిస్తే అడిగిన, పొద్దుగాల ఈ తోటకు పోతరని చెప్పిండు."

"అదేం లేదమ్మా. వీళ్ల చదువులతో కుదరక."

"ఈ తోటల చదువా? మంచిగున్నది. ఫీజు లేదు, పేరెంట్స్ మీటింగ్ లేదు. మావోన్ని గూడ తెచ్చి నీ బడిల ఏస్త."

అమ్మ కూడా నవ్వింది. ఎన్నో నెలల తర్వాత పెద్దవాళ్లతో కలిసి నవ్విన నవ్వు అది. ఆంటీ తమ్ముడి గడ్డం పట్టుకుని, "ఏందక్కా, పోరనికి గింత కాటుక? నాటకంల ఏషమేసినట్టుంది" అంది. వాడు గడ్డం విడిపించుకుని వంతెన మీదికి పరుగెత్తాడు. వాళ్లబ్బాయి వెనకాలే వెళ్లాడు. ఇద్దరూ బోర్లా పడుకుని తలలు ఆనించి నీళ్లలోకి చూస్తున్నారు. జిలేబీని చూపిస్తున్నాడు మా వాడు. వాడికి నేను కాకుండా ఇంకో పిల్లాడు దొరకడం ఆ సంవత్సరంలో అదే మొదలు. చివరా అదే.

ఆంటీ డబ్బా మూత తీసింది. చల్లటి పెరుగన్నం, ఉల్లిపాయ ముక్కల వాసన.

"ప్రసాదమక్కా. మా పిలగానికి తల్లి పోసింది. ఒళ్లంత పోసింది, ఏం జెప్పాలె. ఇండియన్ స్టోర్ల ఎండిన యాపాకు దొరికితే పక్కంత పరిచిన. నిన్న నీళ్లు పోసినం, అమ్మవారు సల్లగ సాగిపోయింది. ఈ పెరుగన్నం అందరికి పంచాలె గద. నిన్న మీ ఇంటికొస్తే తాళముండె."

అమ్మ లేచి వంతెన వైపు చూసింది.

"స్కూలోల్లు ఇంకా పంపొద్దన్నరు, అన్ని ఎండినంకనే రమ్మన్నరు. ఇంట్ల ఒక్కన్ని ఉంచలేక తోల్కొచ్చిన" అంటూ ఆంటీ ముద్ద కలుపుతోంది.

అమ్మ వంతెన మీదికి పరుగెత్తింది. అమ్మ పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. తమ్ముణ్ణి రెక్క పట్టి లేపి ఎత్తుకుంది. ఆ ఊపుకి ఆ అబ్బాయి తూలి కూర్చుండిపోయి ఏడుపు అందుకున్నాడు. పసుపు పూసిన వాడి చెంపల మీద చెక్కు కట్టిన మచ్చలు. చెవి పక్కన ఒకటి ఇంకా తడిగానే మెరుస్తోంది.

"ఏమైందక్కా? నా కొడుకేం జేసిండు?" ఆంటీ చేతిలో ముద్ద అలాగే ఉంది.

అమ్మ తమ్ముణ్ణి గుండెకి అదుముకుని ఆసుపత్రికి ఫోన్ చేసింది. పేరు, పుట్టిన తేదీ, జబ్బు పేరు, అమ్మవారు, అదే చికెన్‌పాక్స్, పోసిన పిల్లాడి పక్కన ఇప్పటిదాకా పడుకున్నాడని, ఇంగ్లీషులో గబగబా చెప్పింది. ఆంటీకి ఇంగ్లీషు అంతంత మాత్రం. కాని కొన్ని మాటలు ఏ భాష వాళ్లకైనా తెలుస్తాయి.

"క్యాన్సర్ అన్నవా అక్కా? ఎవలికి?"

అమ్మ తమ్ముడి వీపు నిమిరింది. వాడి కాటుక చెదిరి సగం ముఖానికి అంటుకుంది. ఒక కనుబొమ లేదు.

"వీడికి."

"మరి గుండు... మొక్కన్నవ్ గద."

"మొక్కు కాదు" అంది అమ్మ.

ఆంటీ తన కొడుకుని లేవనెత్తుకోవడం కూడా మర్చిపోయి నిలబడింది. మేం కారెక్కేదాకా అలాగే నిలబడి ఉంది. కలుపు ఏరే ముసలావిడే వెళ్లి ఆ ఏడుస్తున్న పిల్లాణ్ణి లేపింది.

ఆసుపత్రిలో రెండు తొడలకీ ఇంజెక్షన్లు ఇచ్చారు. తగిలిన వెంటనే ఇస్తేనే అది పని చేస్తుందని, ఆలస్యం చేయకుండా తెచ్చారని డాక్టరు మెచ్చుకున్నాడు. తమ్ముడు నర్సుతో, "ఒకటి నాకు, ఒకటి అక్కకి" అని బేరం పెట్టాడు. ఒప్పుకోలేదని ఏడ్చాడు.

తర్వాత ఎదురుచూడ్డం. అంటుకుంటే నాలుగు వారాల్లోపు బయటపడుతుందన్నారు. ఆ నెల అంతా వాన. రోజూ పొద్దున అమ్మ వాణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి, చొక్కా విప్పి, చంకల కింద, చెవుల వెనక, వేళ్ల సందుల్లో వెతికేది. చిన్న దోమకాటు కనిపించినందుకు నాన్న ఆ రోజు ఆఫీసు మానేశాడు. నాన్నకి కోపం ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. "ఒంటి మీద పొక్కులున్న పిల్లాణ్ణి ఊరంతా తిప్పుతుందా? బుద్ధుండక్కర్లా మనిషికి?" అని గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. అమ్మ వంటింట్లో దేవుడి అరలో చిన్న గిన్నెతో పెరుగన్నం పెట్టేది. రావద్దు తల్లీ అనకూడదట, అలా అంటే అమ్మవారికి ఆగ్రహం వస్తుందని పెద్దలు చెప్పేవారట. అందుకని అమ్మ కళ్లు మూసుకుని, "దూరం నుంచి చల్లగా చూసి వెళ్లు తల్లీ" అని గొణిగేది. పక్కన నిలబడి నేనూ అదే అనేదాన్ని. మందు పని చేయాలనీ, తల్లి దయ చూపాలనీ రెండూ ఒకే నోటితో అడగడం మా ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు. నాకు ఇప్పటికీ తోచదు.

తల్లి దూరం నుంచి చూసి ఊరుకోలేదు. గడువు ముగుస్తుందనగా వాడి పొట్ట మీద నీటి బిందువుల్లా కొన్ని లేచాయి. వెంటనే చేర్చుకున్నారు. ఒంటరి గది, అద్దం అవతల మేము. ఇంజెక్షన్ వల్లే కొద్దిలో పోయిందని, లేకపోతే ఊపిరితిత్తులకి ఎక్కేదని అన్నారు. తగ్గింది. కాని ఆ పొక్కులన్నీ మాడేదాకా క్యాన్సర్ మందు ఆపేశారు.

ఆ రోజుల్లో మా తలుపు గొళ్లేనికి ఒక సంచీ వేలాడుతూ ఉండేది. మూత విప్పని పాలు, విప్పని బియ్యప్పిండి పొట్లం, అంగడి చీటీ తీయని ఆపిల్ పళ్లు. తన చేయి తగిలిన వంట ఏదీ ఉండేది కాదు. ఎవరు పెట్టారో మేం ఎవరం పైకి అనలేదు.

మళ్లీ చెర్రీ పూసే వేళకి వాడి తల మీద పిచ్చుక రెక్కల్లాంటి వెంట్రుకలు వచ్చాయి. కనుబొమలు కూడా వచ్చాయి. వాటిని చేత్తో తడుముకుని, "నో కాటుక, ఇవి నావి" అన్నాడు. పూత ఆ ఏడు విపరీతంగా ఉంది. గాలికి రేకులు రాలి కంకర మీద గీతలన్నీ పూడిపోయాయి. వాడు వాటి మీద పడుకుని చేతులు చాచి ఈత కొట్టాడు. పోలీసమ్మ అటు వచ్చింది. మేం భయపడ్డాం. ఆమె పెద్ద చీపురు పక్కన పెట్టి, వాడు లేచేదాకా ఆగింది. వాడెంతకీ లేవలేదు. ఆమెకి తొందరేమీ ఉన్నట్టు లేదు. అమ్మ ఫ్లాస్కులోంచి వేడి వేడి ఉప్మా తీసి పెడితే వాడు అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు. నా జీవితంలో నేను దేవుణ్ణి ఏమీ అడగని రోజు ఏదైనా ఉంటే అది అదే. అడగడానికి ఏమీ లేకపోయింది.

ఆ వారంలోనే రక్తపరీక్షలో మళ్లీ కనిపించింది.

మధ్యలో మందు ఆపినందుకే తిరగబెట్టిందా అని నాన్న డాక్టర్ని అడిగాడు. డాక్టరు "నాకు తెలీదు. ఎవరికీ తెలీదు" అన్నాడు. ఆ మాటకి నేను ఆయనకి కృతజ్ఞురాలిని. ఏదో ఒకటి చెప్పి ఉంటే మా నాన్న దాన్ని పట్టుకుని ఇంకెవర్నో చంపేసేవాడు.

చెరువు గట్టున ఐరిస్ పూలు, ఊదా రంగువి, విచ్చుకునే రోజుల్లో తమ్ముడు పోయాడు. పగటి పూట, అమ్మ చేతిలో. నాన్న కారు పార్కింగ్ చేసి వచ్చేలోపు.

వాడు పోయాడని తెలిసిన రోజునే మా వాళ్లందరికీ వాడి జబ్బు సంగతి తెలిసింది. అంత్యక్రియల హాల్లో మనుషులు ఒకరి చెవిలో ఒకరు, "గుండు చూసి మొక్కనుకున్నాం" అని చెప్పుకోవడం వినిపిస్తూనే ఉంది. ఆంటీ వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ముందుకి రాలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకురాబోతే విడిపించుకుంది.

కొన్నాళ్లకి అమ్మ నన్ను మళ్లీ తోటకి తీసుకెళ్లింది, చదువు ఆగకూడదని. బల్ల దగ్గర ఇద్దరమే. పోలీసమ్మ కలుపు ఏరుతూ మా వంక చూసింది. చెయ్యి నేలకి అంత ఎత్తులో పెట్టి, వాడేడి అన్నట్టు నన్ను అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె మోకాళ్ల మీదే ఉండి, గడ్డం కింది ముడి విప్పి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.  ఆవేళ ఆమె ఇంకేం పని చేయలేదు.

కర్మకాండలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం అమ్మ తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, "రా, కిందికి వెళ్దాం" అంది. నాన్న సోఫాలోంచి లేచి, "ఎక్కడికి?" అన్నాడు. తెలిసే అడిగాడు. అమ్మ చెప్పులు వేసుకుంది. నాన్న దారికి అడ్డం నిలబడలేదుగాని, తలుపు కూడా తీయలేదు.

ఆంటీ తలుపు తీసి, మమ్మల్ని చూసి, రమ్మనడం కూడా మర్చిపోయింది. మనిషి సగమైంది. వాళ్లబ్బాయి గదిలో ఏదో ఆట ఆడుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు మాకు వినిపించకూడదని కాబోలు, వెళ్లి ఆ గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నా చేతులతోని నేనే తెచ్చి ఇచ్చిన అక్కా" అంది. గోడతో చెబుతున్నట్టు చెప్పింది. "ప్రసాదమనుకున్న. నేనే తోల్కొచ్చి మీ పిలగాని పక్కన పండవెట్టిన. నా కొడుకు తింటుంటె సూడబుద్ధి గాదు నాకు. వాణ్ణి ముద్దు జెయ్యబుద్ధి గాదు."

అమ్మ వెళ్లి ఆమె ఎదుట నిలబడింది.

"నువ్వు వచ్చీ రాగానే చెప్పావు" అంది. "అమ్మవారు పోసిందని దాచకుండా చెప్పావు. నువ్వు చెప్పబట్టే ఆ పూట ఇంజెక్షన్ పడింది. చెప్పకపోయి ఉంటే వాడు చలికాలం దాటేవాడు కాదు. ఇంకో పూత చూశాడు, నీ వల్ల చూశాడు. చెప్పనిది మేమమ్మా. వాడి జబ్బు నీకు తెలిసి ఉంటే నువ్వు ఆ గేటు ఛాయలకి వచ్చేదానివా?"

ఆంటీ తల ఊపింది, రానని.

"దేవుడి పేరు చెప్పి దాచాం. నీ దగ్గర దాచాం. నువ్వు పళ్లెం పట్టుకుని వస్తే తలుపు వెనక నిలబడ్డాను నేను." అమ్మ వంటింటి వైపు చూసింది. మామూలుగా, ఇంటి మనిషిని అడిగినట్టు అడిగింది. "పొద్దున్నుంచీ ఏం తినలేదు. ఇంట్లో ఏముంది?"

ఆంటీ వంటింటి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"నేను వొండినది తింటవా అక్కా?"

"పెట్టు."

దోసకాయ పప్పు ఉంది. ఆంటీ వడ్డిస్తుంటే గరిటె గిన్నెకి తగిలి టకటకా మోగింది. అన్నం చల్లారిపోయింది, వేడి చేస్తానంటే అమ్మ వద్దంది. బల్ల దగ్గర కూర్చుని మేమిద్దరం తిన్నాం. ఆంటీ నిలబడే ఉంది. అమ్మ సగం తిని, "వాణ్ణి కూడా పిలువు, ఆకలేస్తుంటుంది" అంది. ఆంటీ ఆ గది తలుపు వంక చూసి, మళ్లీ అమ్మ వంక చూసి, వెళ్లి పిలుచుకొచ్చింది. ఆ పిల్లాడు మా తమ్ముడికంటే బాగా పొడుగయ్యాడు. అమ్మ కుర్చీ జరిపి తన పక్కన చోటు చేసింది. వాడికి కలిపి పెట్టింది ఆంటీయే. అమ్మకి అంతవరకు చేతకాలేదు. ఆ పక్కన కూర్చోవడానికే ఆవిడ ఒంట్లో ఉన్న బలమంతా అయిపోయిందని, ఆమె ఎడమచేయి బల్ల కింద నా మోకాలిని పట్టుకున్న తీరుతో నాకు తెలిసింది.

ఆ తర్వాత ఎవరి ఊళ్లకి వాళ్లం మారిపోయాం. ఆంటీ వాళ్లు చికాగో వైపు షామ్‌బర్గ్ వెళ్లారు. నాన్న ఆమెతో మాట్లాడటానికి చాలా ఏళ్లు పట్టింది. మాట్లాడిన రోజు కూడా వాతావరణం గురించే మాట్లాడాడు.

దేవుడు తమ్ముణ్ణి ఎందుకు తీసుకెళ్లాడో నాకు తెలీదు, అడగడం మానేశాను. కాని ఆ ఏడాదిలో నాకు చదువు చెప్పిన తల్లికి, గీతలు చెరిపిన ప్రతిసారీ మళ్లీ గీసిన చేతులకి, తెలీదని తెలీదనే చెప్పిన డాక్టరుకి దండం పెట్టకుండా నేను నిద్రపోను. దుఃఖం ఏమీ తగ్గదు దానివల్ల. తగ్గించమని పెట్టను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా నేను దాచను. పక్కింటి తలుపు కొట్టి, ఇది జబ్బు, ఇలా ఉంది అని చెప్పి వస్తాను. జాలిపడతారు. కొందరు ఏమీ అనలేక లోపలికి వెళ్లిపోతారు. ఒకావిడ మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా నా వెంట వచ్చేసింది.

అమ్మకి ఈ సంగతి చెబితే ఫోన్‌లో, "మంచి పని చేశావు" అంది. ఇంకా ఏదో అనబోయి ఆగిపోయింది. నేను ఆవిడ మాట్లాడేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.